డబుల్ బేస్‌కు బదులు ఎలక్ట్రిక్ అప్‌రైట్: కడపలో ఉండేవాడికి ఏది?

కడప_నాలుగుతీగలు
అన్నలకు, అక్కలకు నమస్తే. బేస్ గిటార్ వాయిస్తా. పెండ్లిళ్ళ సీజన్‌లో ఆర్కెస్ట్రా, ఆదివారం చర్చిలో క్వయర్. శానా రోజులుగా నిలబెట్టి వాయించే బేస్ మీదికి మనసు పోతాంది. క్రిస్మస్ పాటలకు కమానుతో లాగే ఆ కింది స్వరం ఉంటే బాగుంటుందని మా క్వయర్ మాస్టర్ కూడా అంటున్నాడు.

డబుల్ బేస్ (వయొలిన్ ఆకారంలో మనిషెత్తు ఉండే పెద్ద బేస్) తెద్దామంటే నా ఇక్కట్లు ఇవి. అద్దె ఇల్లు, రెండో అంతస్తు, మెట్లు ఇరుకు. కారు లేదు, బైకు ఉంది. మా ఊరి ఎండాకాలం సంగతి మీకు చెప్పనక్కరలేదు. కట్టె పగిలితే బాగుచేసేవాళ్ళు ఇక్కడ లేరు. అందుకే పెట్టె లేకుండా సన్నగా కర్రలాగ ఉండే ఎలక్ట్రిక్ అప్‌రైట్‌లు చూస్తున్నా. యమహా సైలెంట్ బేస్, ఎన్‌ఎస్ డిజైన్, స్టాగ్, ఇవన్నీ యూట్యూబులో చూసినా.

అడిగేది ఒకటే. దాని మీద నేర్చుకుంటే డబుల్ బేస్ వచ్చినట్టేనా, లేక బేస్ గిటార్‌నే నిలబెట్టి వాయించినట్టా? చేత్తో పట్టి వాయించినవాళ్ళు చెప్పండి. విన్న మాటలు వద్దు, ఏమనుకోవద్దు.

పొద్దుటూరు_ప్యాడ్స్
మనకెందుకు బ్రో ఇవన్నీ. మా కీబోర్డాయన ఎడమచేతి రెండు వేళ్ళతో బేస్ మొత్తం లాగిచ్చేస్తాడు. ఒకరి పేమెంటు కూడా మిగులుతుంది.

కడప_నాలుగుతీగలు
ఆ మిగిలే పేమెంటు నాదే గదన్నా.

టవర్‌క్లాక్_అనంతపురం
నాకు రెండూ అలవాటే కాబట్టి చెప్తా. ఊరు అనంతపురం, ఉద్యోగం బెంగళూరు, శని ఆదివారాలు అక్కడే జాజ్. ఇంట్లో ఎలక్ట్రిక్ అప్‌రైట్ ఉంది. మేం ప్రాక్టీసు చేసే హాల్లో ప్లైవుడ్ డబుల్ బేస్ ఒకటి ఉంటుంది, అది కూడా వాయిస్తుంటా.

ముందు ఎడమచెయ్యి. నీ బేస్ గిటార్ స్కేలు, అంటే తీగ మోగే పొడవు, 34 అంగుళాలు. డబుల్ బేస్‌లో అందరూ వాయించేది త్రీ-ఫోర్త్ సైజు, దానికి 41, 42 అంగుళాలుంటుంది. పేరున్న ఎలక్ట్రిక్ అప్‌రైట్‌లు ఈ కొలతే పెట్టుకుంటాయి. కాబట్టి వేలికొక ఫ్రెట్ (మెడ మీది అడ్డపట్టీ) అనే లెక్క నట్ దగ్గర, అంటే మెడ పైకొసన, పనికిరాదు. చూపుడువేలు, నడిమివేలు, చిటికెనవేలు, ఈ మూటితో అందేది ఒక పూర్తి స్వరం దూరమే. ఉంగరంవేలు చిటికెనవేలికి బలం ఇస్తుంది, అంతే. సిమాండల్ పద్ధతి అని నేర్పిస్తారే, అది ఇదే. ఫ్రెట్లు లేవు, శ్రుతి నీ చెవి చూసుకోవాలి. తీగలు నీకు తెలిసినవే: ఇ, ఎ, డి, జి. ఈ చదువంతా ఎలక్ట్రిక్ మీద చేసినా డబుల్ బేస్‌కు ఉన్నది ఉన్నట్టు పనికొస్తుంది.

రానిది ఒంటి అలవాటు. డబుల్ బేస్ మనిషి మీద ఆనుకుంటుంది. నడుము, మోకాలు దానికి తగులుతుంటాయి. మెడ పోయి పెట్టెలో కలిసే మడమ దగ్గర బొటనవేలు ఆగిందంటే, కండ్లు మూసుకున్నా జి తీగ మీద చూపుడువేలి కింద డి ఉందో ఇ ఫ్లాట్ ఉందో తెలుస్తుంది (బేస్‌ను బట్టి ఈ రెండిట్లో ఒకటి). కొన్ని ఎలక్ట్రిక్‌లకు ఆ మడమే ఉండదు. దానికి బదులు పక్కన చుక్కలు పెడతారు. చుక్కలు చూసుకుంటూ వాయిస్తే తల ఎప్పుడూ వంగే ఉంటుంది. ముక్కాలి స్టాండు మీద నిలబడేవైతే మనిషికి అసలు ఆనుకోవు. అప్పుడు బొటనవేలితో మెడను పిసికి పట్టుకోవడం మొదలుపెడతాం, సాయంత్రానికి మణికట్టు లాగుతుంది. యమహా దానికి పక్కల ఫ్రేములు తగిలించుకోవచ్చు, పెట్టె అంచు ఉన్నట్టే ఒంటికి ఆనుతుంది. సౌండు కంటే ముందు ఈ ఆనిక చూడు. సౌండు తర్వాతైనా మార్చుకోవచ్చు.

గుత్తి_పెద్దాయన
టవర్‌క్లాక్ అబ్బాయి ఎడమచేయి గురించి చెప్పింది నిజం. కుడిచేయి ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను మద్రాసులో సినిమా రికార్డింగుల కాలంలో డబుల్ బేస్ పట్టినవాణ్ణి. ఇప్పుడు గుత్తిలో ఉంటున్నాను.

తీగను లాగి వదిలితే ఆ బలం ఎక్కడికి పోతుందో ఆలోచించండి. డబుల్ బేస్‌లో వంతెన (తీగలను ఎత్తి పట్టే చెక్క) మీదుగా పై పలకకు, లోపలి సౌండ్ పోస్టు (రెండు పలకల మధ్య నిలబెట్టిన కర్ర) మీదుగా వెనక పలకకు పోతుంది, పలకలు గాలిని కదుపుతాయి. తీగ తన దగ్గరున్నదంతా గబగబా ఖర్చు పెట్టేస్తుంది. అందువల్ల స్వరం దమ్ముమని లేచి, కాస్త విచ్చుకుని, అణిగిపోతుంది. గట్టి కర్రకు బిగించిన తీగకు ఆ ఖర్చు లేదు. బయటికి చిన్నగా వినపడుతూ చాలాసేపు మోగుతుంది. కొనేవాళ్ళు దాన్ని చూసి మురిసిపోతారు. వాకింగ్ బేస్ (దెబ్బకొక స్వరం చొప్పున నడిచే బేస్) వాయించేటప్పుడు తెలుస్తుంది బాధ. ముందు స్వరం చావకుండానే తర్వాతిది వచ్చి పడుతుంది, పాట కింద అంతా బురద.

ఇంకొకటి. పెట్టె బేస్ మీద శబ్దం రావాలంటే చేతి బరువు మొత్తం వేసి, చూపుడువేలి కొసతో కాదు, పక్క కండతో తీగను లాగాలి. ఎలక్ట్రిక్‌లో నాబ్ తిప్పితే సరిపోతుంది కదా, అందుకని వేలి కొసతో గోకడం అలవాటవుతుంది. ఆ చేత్తో రేపు డబుల్ బేస్ పడితే పక్కనున్న వయొలిన్ అతనికి కూడా వినపడదు. ఎలక్ట్రిక్ మీదే నేర్చుకుని వచ్చిన కుర్రాళ్ళను చూశాను. ఎడమచేయి చక్కగా ఉంటుంది. కుడిచేయికి ఇంకా నడక రాలేదు.

నేర్చుకోవడానికి పెట్టె ఉన్నది, ఊళ్ళు తిరగడానికి ఎలక్ట్రిక్. నా లెక్క అది.

కడప_నాలుగుతీగలు
పెద్దాయనా, నమస్కారం. నాకున్న పని స్టేజీనే. తిరిగేది కూడా ఎక్కువే. రాజంపేట, మైదుకూరు, బద్వేలు, ఎక్కడ ముహూర్తం ఉంటే అక్కడ.

హంద్రీ_సౌండ్స్
కర్నూలు నుంచి. నాది మైక్‌సెట్ పని, వాయించడం రాదు. స్టేజీ సంగతి నన్నడుగు.

డబుల్ బేస్‌ను ఒకసారి హైదరాబాద్ బ్యాండ్ ఒకటి కాలేజీ ప్రోగ్రాముకు తెచ్చింది. వెనక డ్రమ్స్, ముందు మానిటర్లు, కింద సబ్‌లు (మంద్రం వదిలే పెద్ద స్పీకర్లు). ఆ బోలు పెట్టె లోపలి గాలి 60 హెర్ట్జ్ చుట్టుపక్కల మోగుతుంది, పలకలు 100 చుట్టుపక్కల. నా సబ్‌లు వదిలేది కూడా సరిగ్గా అక్కడే. పెట్టె ఆ శబ్దాన్ని పట్టుకుని మళ్ళీ మైకుకు ఇస్తుంది, మైకు సబ్‌కు ఇస్తుంది. హోరు. సౌండ్ చెక్ టైమంతా దానికే పోయింది. ఆఖరికి ఎఫ్ ఆకారంలో ఉండే కంతల్లో గుడ్డ కుక్కి, లోస్ (కింది సౌండు) తీసేసి, ఏదో నడిపించినాం. లోస్ తీసేసినాక అది బేస్ ఎట్లయితది, మీరే చెప్పండి.

ఎలక్ట్రిక్ అయితే ఆ పరేషానీ లేదు. వేరేది ఉంది. శానావాటికి వంతెన దగ్గర పీజో పికప్ (తీగ ఊపును కరెంటుగా మార్చే చిన్న బిళ్ళ) ఉంటుంది. దాన్ని తీసుకొచ్చి తిన్నగా మిక్సర్ లైన్‌లో గుచ్చుతారు. రేకు డబ్బా మీద వేలితో కొట్టినట్టు టిక్కుటిక్కుమని వస్తుంది. వాయించేవాడు సౌండాయన్ను తిడతాడు, సౌండాయన బేస్‌ను తిడతాడు.

కారణం ఏమంటే, కరెంటు లెక్కలో పీజో ఒక కెపాసిటర్. ఎదురుగా ఇన్‌పుట్ రెసిస్టెన్సు తక్కువుంటే రెండూ కలిసి కింది సౌండును కోసేస్తాయి. లెక్క వేసి చూపిస్తా. పికప్ 1 నానోఫారడ్ అనుకో. ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌లైతే కోత 16,000 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది, అంటే ఇంక ఏం మిగల్లేదు. 1 మెగాఓమ్ అయితే 160 హెర్ట్జ్. 10 మెగాఓమ్‌లైతే 16 హెర్ట్జ్. నీ ఇ తీగ పలికేది 41 హెర్ట్జ్. యాడ ఉండాలో ఇప్పుడు నువ్వే చూసుకో. లోపల బ్యాటరీ ప్రీయాంప్ (పికప్ సిగ్నల్‌ను మిక్సర్‌కు సరిపడేట్టు చేసే సర్క్యూట్) ఉన్న బేస్ అయితే ఈ పని అదే చూసుకుంటుంది. లేనిదైతే పీజో కోసం చేసిన ప్రీయాంప్ నీ సంచిలో ఉండాలి. ఊళ్ళో మైక్‌సెట్ వాళ్ళ దగ్గర ఉంటుందని పోవద్దు. 9 వోల్టుల బ్యాటరీ ఒకటి ఎక్స్‌ట్రా.

చర్చి సంగతి ఇంకోటి. గోడలకు బిగించే ఆ పొడుగు స్పీకర్లు మాట వినపడడానికి చేసినవి. వాటిల్లోంచి 41 హెర్ట్జ్ రాదు. నీ బేస్ యాంప్ నువ్వే మోసుకుపోవాలి. పెట్టె మొయ్యడం తప్పించుకుందామని చూస్తున్నావు గానీ ఇంకో పెట్టె మొయ్యక తప్పదు.

టవర్‌క్లాక్_అనంతపురం
> వాటిల్లోంచి 41 హెర్ట్జ్ రాదు

దీనికొక తోక. డబుల్ బేస్ పెట్టెలోంచి కూడా 41 హెర్ట్జ్ పెద్దగా రాదు. ఆ స్వరం అల పొడవు గాలిలో 8 మీటర్ల పైనే ఉంటుంది, దాన్ని గట్టిగా కదపడానికి ఆ పెట్టె చాలదు. కింది ఇ వాయించినప్పుడు మన చెవికి ఎక్కువగా అందేది 82, 123 హెర్ట్జ్‌లాంటి పై పొరలే. వాటిని బట్టి అడుగు స్వరాన్ని మెదడు కట్టుకుంటుంది. అందుకే సౌండాయన అడుగును మరీ పెంచితే అది డబుల్ బేస్‌లాగ ఉండదు, సినిమా హాల్లో భూకంపం సీనులాగ ఉంటుంది. నేను 60 కింద కొంచెం తగ్గించి, 100 నుంచి 200 మధ్య ఉన్నది ఉన్నట్టు వదిలేస్తా.

హంద్రీ_సౌండ్స్
మా కర్నూల్లో సబ్ తగ్గించు అని అడిగిన మొదటి మనిషివి నువ్వే అవుతావు.

కమాను_అక్క
ప్రొద్దుటూరులో కర్ణాటక వయొలిన్ నేర్పిస్తాను. పెద్దాయన గారిని ఒకటి అడగాలి. స్వరం ఎక్కువసేపు నిలవడం బాధ అంటున్నారు. మాకు కావాల్సింది అదే కదండీ? నాదం నిలిస్తేనే గమకం. పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారిని తీసుకోండి. మామూలు మాండలిన్‌లో నాదం చటుక్కున ఆగిపోతుంది. ఆయన జంట తీగలు వదిలేసి, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండలిన్ పట్టుకున్నారు. 1998లో పద్మశ్రీ కూడా వచ్చింది. అది అసలు మాండలిన్ కాదని ఇప్పుడు ఎవరైనా అంటారా?

ఎల్. శంకర్ గారి పది తీగల జంట వయొలిన్ ఉంది. డబుల్ బేస్ మంద్రం దాకా దిగుతుంది, అదీ ఎలక్ట్రిక్కే. కరెంటు ఉందని వాద్యాన్ని తక్కువ చేయడం నాకు నచ్చదు.

గుత్తి_పెద్దాయన
అమ్మా, శ్రీనివాస్ గారి మీద నాకూ గౌరవమే. ఆయన చేసింది రాగం పాడించడం. బేస్ చేసేది వేరే కూలి. పాటను కింద నుంచి మోస్తూ, తాను అడుగు వేసి తీసేయాలి. తీసేయడం ముఖ్యం. ఎలక్ట్రిక్ మీద ఆ తీసేయడం చేత్తో చేయాలి: ఎడమచేతి వేలు కాస్త ఎత్తి స్వరాన్ని ఆపడం, వంతెన దగ్గర తీగల కింద స్పాంజి ముక్క పెట్టడం. ఫింగర్‌బోర్డు కొస మీదికి చేయి జరిపి లాగితే కూడా స్వరం గుండ్రంగా వస్తుంది. కుదరదని నేను అనలేదు. దానంతట అది రాదు అన్నాను.

టవర్‌క్లాక్_అనంతపురం
పెద్దాయనా, గౌరవంగానే ఒక మాట. మీరు ఎలక్ట్రిక్‌ను డబుల్ బేస్‌కు బదిలీ మీద వచ్చిన ఉద్యోగిలాగ చూస్తున్నారు. ఎబర్‌హార్డ్ వెబర్ అని జర్మనీ ఆయన, 1970ల నుంచి ఐదు తీగల ఎలక్ట్రిక్ అప్‌రైట్ మీదే పేరు తెచ్చుకున్నాడు. ఆ నిలిచే నాదమే ఆయన గుర్తు. నార్వే శాక్సోఫోన్ వాద్యకారుడు యాన్ గార్బారెక్ బృందంలో ఏండ్ల తరబడి అదే వినిపించింది. 2007లో పక్షవాతం వచ్చి వాయించడం ఆగిపోయింది. డబుల్ బేస్ దొరక్క దాన్ని పట్టుకున్న మనిషి కాదు.

ఎలక్ట్రిక్ అంటే సాగే సౌండే అన్నది కూడా పూర్తిగా కరెక్టు కాదు. 1960ల మొదట్లో ఆంపెగ్ వాళ్ళు బేబీ బేస్ అని తెచ్చినారు. ప్లాస్టిక్ ఒళ్ళు, వంతెన కింద డయాఫ్రం పికప్. జాజ్ వాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. సల్సా (లాటిన్ అమెరికా డాన్సు సంగీతం) వాళ్ళు ఎత్తుకుపోయినారు. పొట్టిగా, మొద్దుగా ఉండే ఆ దెబ్బ కాంగాలు, టింబాలేలు అనే వాళ్ళ డప్పుల మధ్యలో కూడా తేలుతుంది. అసలు కరెంటు బేస్ మొదలైందే నిలువుగా. రికెన్‌బాకర్ వాళ్ళు 1930లలోనే సన్న కర్ర బేస్ చేసినారు. 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చి, భుజానికి తగిలించుకుని ఫ్రెట్లతో వాయించుకోవచ్చు అనేసరికి జనం అటు పోయినారు. మంచిదేదో తేలి కాదు, సులువు చూసుకుని.

పొద్దుటూరు_ప్యాడ్స్
కాంగాల మధ్యలో తేలుతుందంటే మన తప్పెట్ల మధ్యలో కూడా వినపడుతుందా?

హంద్రీ_సౌండ్స్
తప్పెట్ల మధ్యలో ఏదీ వినపడదు సామీ. జనరేటర్ కూడా వినపడదు.

నంద్యాల_రంపం
నాది కట్టెపని. సంగీతం రాదు. ఎండ గురించి అడిగినాడు కాబట్టి అది నేను చెప్తా.

పెట్టె బేస్ పై పలక స్ప్రూస్, పక్కలు, వెనక మేపుల్. ఏ కట్టె అయినా తేమ పోతే అడ్డానికి ముడుచుకుంటుంది, పొడవుకు ముడుచుకోదు. పై పలక అడ్డం వెడల్పుగా ఉంటుంది. పక్కలు పొడవు వాటంలో వంచిన బద్దలు, అవి కదలవు. ఏప్రిల్, మే నెలల్లో పలక ముడుచుకుందామని చూస్తే పక్కలు పోనియ్యవు. ఎక్కడో ఒక చోట తెగాల. అందుకే అతుకులకు సరేసు వాడతారు, ఫెవికాల్ కాదు. పలక చీలకముందే అతుకు విడిపోవాలని. విడిపోయిన అతుకు మళ్ళ అంటించుకోవచ్చు. చీలిందా, పెద్ద పని. గాలిలో తేమ 40 నుంచి 60 శాతం ఉంటే ఇవి సుఖంగా ఉంటాయంటారు. ఎండాకాలం మధ్యాహ్నాలు మన దగ్గర అంత యాడుంటుంది. కూలర్ పెట్టిన గదిలో పెడితే సాయంత్రం తేమ, పొద్దున పొడి, ఇంకా అధ్వానం.

ప్లైవుడ్ అయితే పొరలు అడ్డం, నిలువు వేసి ఉంటాయి, అంత కదలదు. ఎలక్ట్రిక్ కర్రకు పలకే లేదు. మెడ రోంత వంగుతుంది, తీగల ఎత్తు మారుతుంది. వంతెన కాళ్ళకు తిప్పుకునే చక్రాలుంటే చేత్తోనే సరిచేసుకోవచ్చు.

అసలు నేను ఈడికి వచ్చింది వేరే పని మీద. మా అన్న కొడుక్కు ఒక ఎలక్ట్రిక్ అప్‌రైట్ నేనే చేసిద్దామని ఉంది. నాలుగు స్టీలు తీగల లాగుడు కలిపితే 120 కిలోల చుట్టుపక్కల అని చదివినా. టేకు మెడ ఆగుతుందా?

పొద్దుటూరు_ప్యాడ్స్
ఎర్రచందనంతో చెయ్యన్నా, కడప జిల్లా పేరు నిలబడతాది.

నంద్యాల_రంపం
ఆ పేరు ఈడ ఎత్తొద్దు, ఫారెస్టోళ్ళు వస్తారు. నవ్వుతున్నావు గానీ జపాన్‌లో షామిసెన్ అని మూడు తీగల వాద్యం ఉంది, మంచి రకానికి మెడ ఎర్రచందనంతోనే చేస్తారు. మన శేషాచలం కట్టెకు ఆ పేరు అక్కడ ఉంది. మనం ముట్టుకుంటే జైలు.

టవర్‌క్లాక్_అనంతపురం
రంపం అన్నా, ఒంటి ముక్క టేకు వద్దు. మూడు బద్దలు, నడిమి బద్ద గీతలు తిరగేసి అంటించు, లోపల సర్దుకునే ట్రస్ రాడ్ (మెడ వంపును సరిచేసే కడ్డీ) గానీ గట్టి స్టీలు పట్టీ గానీ వెయ్యి. ఫింగర్‌బోర్డుకు రోజ్‌వుడ్ దొరికితే చాలు, ఎబొనీ కోసం అప్పు చెయ్యొద్దు. జాగ్రత్త పడాల్సింది వంపు దగ్గర. ఫింగర్‌బోర్డు పైభాగం, వంతెన పైభాగం రెండూ గుండ్రంగా ఉండాలి. వంతెన చదునైతే వేళ్ళతో బాగానే ఉంటుంది, కమాను వేస్తే మాత్రం ఎ తీగతో పాటు డి కూడా మోగుతుంది.

కడప_నాలుగుతీగలు
నేను అడగాలనుకున్నది అక్కడికే వచ్చింది. కమానుకు ఎలక్ట్రిక్ పనికొస్తుందా రాదా? ఎవరూ తిన్నగా చెప్పలేదు.

గుత్తి_పెద్దాయన
నేర్చుకోవడానికి పనికొస్తుంది. వినడానికి అంత బాగుండదు.

గట్టి కర్ర మీద వంతెన ఊగదు. కమాను వేసిన వెంటనే తీగ మాట్లాడదు, ముందు గీర వస్తుంది. పెట్టె బేస్‌లోనూ గీర ఉంటుంది గానీ పలక దాన్ని మింగేస్తుంది. పీజో మింగదు, రెట్టింపు చేసి చూపిస్తుంది. ఒక రకంగా మంచిదే. నీ కమాను ఎక్కడ వంకర పోతున్నదో దాచకుండా చెప్తుంది. కమాను వంతెనకు సమాంతరంగా పోవాలి, ఎక్కువ నొక్కకుండా చేతి బరువు మాత్రమే వేయాలి, కింది తీగలకు మెల్లగా లాగాలి. ఇవి ఎక్కడ నేర్చుకున్నా ఇవే.

కమానులు రెండు రకాలు. ఫ్రెంచ్‌ది పైనుంచి పడతారు, వయొలిన్‌లాగ. జర్మన్‌ది అడుగునుంచి, అరచేయి చాపి. ప్రొద్దుటూరు అమ్మాయి గారు దగ్గరలోనే ఉన్నారు కాబట్టి ఫ్రెంచ్ తీసుకో. చేయి పెట్టించడానికి ఆవిడ సరిపోతారు.

కమాను_అక్క
తప్పకుండా. కాకపోతే మేము కింద కూర్చుని వాయిస్తాం, నీవు నిలబడాలి. భుజం సంగతి పెద్దాయన గారినే అడగాలి. మణికట్టు, వేళ్ళు నేను చూస్తాను. రోజిన్ (కమాను వెంట్రుకలకు రాసే గుగ్గిలం) మాత్రం మా వయొలిన్‌ది వాడకు, అది గట్టిది. బేస్‌కు మెత్తగా, జిగటగా ఉండేది వస్తుంది.

టవర్‌క్లాక్_అనంతపురం
ఆ మెత్తనిదే మన ఎండకు గండం. పాప్స్ రోజిన్ అని అందరూ వాడేది ఉంది, వేడికి పారుతుంది. మే నెలలో బైకు డిక్కీలో పెట్టినావంటే గుడ్డ, సంచి, తాళాలు అన్నీ ఒకటైపోతాయి. ఎండాకాలానికి కొంచెం గట్టి రకం వేరే పెట్టుకో. కమాను కూడా కట్టెది కాకుండా కార్బన్ ఫైబర్‌ది తీసుకో, బస్సులో నలిగినా భయం ఉండదు.

గీర తగ్గడానికి ఒక పని చెయ్యి. కమాను పట్టినప్పుడు యాంప్‌లో ట్రెబుల్ బాగా కిందికి దించు. ఎన్‌ఎస్ వాళ్ళ పికప్‌లో దీనికోసమే స్విచ్ ఉంటుంది: తీగ అడ్డంగా ఊగే ఊపును ఎక్కువ పట్టాలా, పైకీ కిందికీ ఊగేదాన్నా అని మార్చుకోవచ్చు. ఒకటి కమానుకు, ఒకటి వేళ్ళకు. క్వయర్‌లో ఒక పాటకు అది, ఒక పాటకు ఇది అంటే ఆ స్విచ్ పనికొస్తుంది.

రాత్రిపూట ప్రాక్టీసు సంగతి ఎవరూ చెప్పలేదు. అద్దె ఇంట్లో హెడ్‌ఫోన్ పెట్టుకుని పదకొండింటికి కూడా వాయించుకోవచ్చు. నా వరకు ఎలక్ట్రిక్‌కు వేసే మార్కుల్లో సగం దీనికే. రోజూ చేతికి అందేదే వాద్యం. హాల్లో ఉన్న డబుల్ బేస్ ఎంత గొప్పదైనా వారానికొకసారే నాది.

గుత్తి_పెద్దాయన
హెడ్‌ఫోన్‌లో చెవికి అంటించుకుని వింటే కుడిచేయి ఇంకా సోమరిదవుతుంది. రోజూ కాసేపు కరెంటు లేకుండా ఉత్త కర్ర మీద వాయించు. ఆ పీల శబ్దం గదిలో అవతలి మూలకు వినపడేట్టు లాగడం నేర్చుకో.

టవర్‌క్లాక్_అనంతపురం
ఇది మాత్రం రేపటి నుంచి నేనూ చేస్తా పెద్దాయనా.

హంద్రీ_సౌండ్స్
డబ్బుల మాట ఎవరూ ఎత్తడం లేదు. పేరున్న ఎలక్ట్రిక్ అప్‌రైట్ లక్ష దాటుతుంది, యమహా అయితే ఇంకా పైన. మంచి తీగల సెట్టుకే పది వేలు దాటుతుంది. దానిమీద ప్రీయాంప్, యాంప్. ఆర్కెస్ట్రా పేమెంట్లతో ఇది ఎప్పటికి తీరేను? ఫ్రెట్లు లేని బేస్ గిటార్ ఒకటి తీసుకో, ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా చుట్టిన) తీగలు వెయ్యి, వంతెన దగ్గర స్పాంజి పెట్టు. పెండ్లి పందిట్లో కండ్లు మూసుకుని వినేవాడికి తేడా తెలియదు. అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలకు వాయించిన జేమ్స్ జేమర్సన్ కూడా డబుల్ బేస్ నుంచి వచ్చినోడే. ప్రెసిషన్ బేస్ మీద కూడా ఒక్క చూపుడువేలితోనే లాగేవాడు.

కడప_నాలుగుతీగలు
అన్నా, పెండ్లికి అది చాలు, ఒప్పుకుంటా. కమాను దాని మీద వెయ్యలేను గదా. బేస్ గిటార్ వంతెన చదును.

హంద్రీ_సౌండ్స్
అయితే లక్ష పెట్టు. నేను అడ్డం రాను.

కడప_నాలుగుతీగలు
అందరికీ దండాలు. ఇన్నాళ్ళూ సౌండు వీడియోలే చూస్తున్నా, ఒంటికి ఎట్ల ఆనుతుందో చూడాలనే ఆలోచనే రాలేదు. టవర్‌క్లాక్ అన్నా, మీరు సరే అంటే ఒక శనివారం రాయచోటి మీదుగా బెంగళూరు బస్సెక్కి వస్తా. మీ ఎలక్ట్రిక్, హాల్లో ఉన్న ప్లైవుడ్‌ది, రెండూ ఒకే రోజు పట్టి చూస్తా. అప్పుడే డబ్బు సంగతి. డబుల్ బేస్ ఎంత మనసుకు పట్టినా ఇంటికి తెచ్చేది మాత్రం ఎలక్ట్రిక్కే అని ఇప్పటికి అనుకుంటున్నా, ఆ మెట్లు చూస్తే తప్పదు. మడమ ఉండేది, ఒంటికి ఆనేది చూసుకుంటా.

టవర్‌క్లాక్_అనంతపురం
రా తమ్ముడూ. ముందు ప్లైవుడ్‌ది పట్టు, తర్వాత ఎలక్ట్రిక్‌ది. తిరగేస్తే ప్లైవుడ్‌ది బండరాయిలాగ అనిపించి భయపడతావు. గోర్లు కత్తిరించుకుని రా. మొదటి రోజు వేళ్ళు బొబ్బలెక్కుతాయి, సాయంత్రం బస్సులో ఫోను పట్టుకోవడం కూడా కష్టమే.

నంద్యాల_రంపం
పోతే నాకొక పని చేసిపెట్టు తమ్ముడూ. టేపు తీసుకుపో. నట్ దగ్గర తీగకు తీగకు ఎడం, వంతెన దగ్గర ఎడం, ఫింగర్‌బోర్డు కొస దగ్గర తీగ ఎంత ఎత్తులో ఉంది, మెడ మందం మొదట్లో ఎంత, మడమ దగ్గర ఎంత. రెండింటివీ రాసుకో. వంతెన వంపు మాత్రం టేపుకు అందదు. అట్టముక్క ఆనించి పెన్సిలుతో గీసుకురా.

కడప_నాలుగుతీగలు
సరేనన్నా. అట్ట పెద్దదే తీసుకుపోతా, ఫింగర్‌బోర్డు వంపు కూడా గీస్తా.

టవర్‌క్లాక్_అనంతపురం
గీసేటప్పుడు తీగలు వదులు చెయ్యొద్దు, ముఖ్యంగా ప్లైవుడ్‌దానివి. లోపల సౌండ్ పోస్టు అంటించి ఉండదు, బిగువు మీదే నిలబడి ఉంటుంది. పడిపోతే నిలబెట్టే మనిషి కోసం మళ్ళీ వెతకాలి. ఇంకోటి, నా కమాను జర్మన్‌ది. నీకు ఫ్రెంచ్ కావాలన్నారు గదా, మా హాల్లో ఒకరి దగ్గర ఉంది, ఆ రోజుకు అడిగి పెడతా. ఏ శనివారమో ముందే చెప్పు.